లెక్క చెప్పిన భక్తి – భద్రాచలోత్సవములను గూర్చి ఒక పాఠము



ఇష్టలింగమును ధరించిన మనకు భద్రాచల రాములవారి పెండ్లితో పని యేమి యని ఈ పాఠము పేరు చూడగానే కొందరు పెద్దలకు తోచవచ్చును. తోచుట తప్పు కాదు. మనము సాధారణముగా చదువుకొను పాఠములు శరణుల చరిత్రలను, షట్‌స్థలమును, అష్టావరణములను గూర్చినవి. ఈ పర్యాయము పొరుగువారి పండుగను పాఠముగా నెత్తుకొనుటకు ఒక కారణము గలదు. మన మఠములకును, మన గ్రామములకును చరిత్ర లేక కాదు. దానిని చెప్పుకొను అలవాటు సన్నగిల్లినది. అడవి యంచున నున్న ఒక చిన్న పట్టణము మూడు వందల యేండ్లకు పైగా తన కథను తాను మరువక యేటేట చెప్పుకొనుచున్నది. అది ఎట్లు చెప్పుకొనుచున్నదో, అందులో ఎవరిని పిలిచి పీట వేయుచున్నదో, ఎవరిని వాకిట నిలువబెట్టినదో చూచినచో మనకు మేలు కలుగును. దేవుని గూర్చి వాదము ఇచట అక్కరలేదు. ఇది ఊరిని గూర్చిన పాఠము.

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా తూర్పునకు పోవు బాటలో పొలములు తగ్గి అడవి పెరుగును. టేకు, ఇప్ప, తునికి చెట్లు బాటకు తోడుగా వచ్చును. సారపాక యొద్ద కాగితపు మిల్లు. ఆ వెంటనే గోదావరి. 1965వ సంవత్సరమున నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిన వంతెనను దాటినచో భద్రాచలము. అంతకు ముందు యాత్రికులు పడవలపై దాటుచుండిరి. రైలుబండిలో వచ్చువారికి ఒక వింత యెదురగును. ‘భద్రాచలం రోడ్’ అను పేరుగల స్టేషను భద్రాచలమున లేదు. నలుబది కిలోమీటర్ల ఇవతల కొత్తగూడెమున నున్నది. తెలియక అచట దిగి గుడి యెక్కడ అని అడుగువారిని చూచి ఊరివారు నవ్వుకొందురు.

ఈ ఊరి కథ రాజుతో మొదలు కాదు. మంత్రితోను మొదలు కాదు. ఒక అడవి స్త్రీతో మొదలగును. భద్రిరెడ్డిపాలెమున నుండిన పోకల దమ్మక్క యను భక్తురాలికి పుట్టలో విగ్రహములు కనబడెననియు, ఆమె గోదావరి నీటితో పుట్టమన్ను కరగించి వానిని వెలికి దీసి, చిన్న పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యముగా పెట్టి కొలిచెననియు స్థలపురాణము. కోయవారు ఆమెను తమ యాడబిడ్డగా చెప్పుకొందురు. శంఖచక్రములను తారుమారుగా ధరించిన నాలుగు చేతుల రాముడు, ఎడమ తొడపై సీత, ప్రక్కన లక్ష్మణుడు – ఈ రూపు తక్కిన రామాలయములలో మనకు కనబడదు. కోవెలను రాతితో కట్టించినవాని పేరు దేశమంతటికి తెలియును. తాటాకు పందిరి వేసిన ఆమె పేరు చాలకాలము ఆ చుట్టుప్రక్కల వారికే తెలియును. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను; పాఠము చివరన మరల దీనికే వత్తుము.

రాతికోవెలను కట్టించినవాడు కంచెర్ల గోపన్న. ఖమ్మమునకు సమీపముననే యున్న నేలకొండపల్లి ఆయన పుట్టినూరు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. నియోగి బ్రాహ్మణ గృహమున లింగన్న యను పేరుండుట మనవారికి ఆసక్తి గొలుపును. కాకతీయుల నాటి నుండియు ఆ సీమలో శివనామములు కులముల గోడలు దాటి తిరిగినవి. నేలకొండపల్లికి సమీపముననే బౌద్ధస్తూపము గలదు. విరాటరాజు దిబ్బయని జనులు పిలుచు మట్టిదిబ్బ గలదు. గోపన్న పేర ధ్యానమందిరము గలదు. బుద్ధుడు, భారతకథ, రామదాసు – మూడును ఒకే గ్రామపు మట్టిలో నున్నవి. అచటి పెద్దలు ఈ మూడింటిని ఒకే ఊపిరిలో చెప్పుదురు.

గోలకొండను అబుల్ హసన్ తానీషా ఏలిన కాలమది. ఆయన 1672లో గద్దె నెక్కెను. 1687లో ఔరంగజేబు గోలకొండను గెలుచుకొనుటతో ఆ రాజ్యము ముగిసెను. ఆయనకు మంత్రులు అక్కన్న మాదన్నలు. గోపన్న వారికి మేనల్లుడు. వారి ప్రాపుతో ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు ఉద్యోగమునకు వచ్చెను. పన్నులు వసూలు చేయుట, హుజూరుకు పంపుట ఆయన పని. భద్రగిరిపై ఎండవానలకు గురియగుచున్న దేవుని చూచి కోవెల కట్టింప బూనెను. సొమ్ము చాలలేదు. పంట చేతికి రాగానే చందా లిత్తుమని జనులు మాట యిచ్చిరనియు, ఆ నమ్మకమున గోపన్న సర్కారు సొమ్మును ముందుగా వాడెననియు ఒక కథనము. ఏమైనను ఖజానాకు చేరవలసిన పన్ను కోవెలగా మారెను, నగలుగా మారెను. తానీషా ఆయనను గోలకొండ కోటలో బంధించెను. ఆ చెరసాల నేటికిని కోటలో చూపుదురు. గోడపై చెక్కిన రామాంజనేయ మూర్తులను యాత్రికులు చూచుచున్నారు. చెరలోనే ఆయన భద్రాచల రామదాసయ్యెను. కీర్తనలు పుట్టినవి. దాశరథీ శతకకర్తయు ఆయనయే.

ఆ కీర్తనలలో ఒకదానిని మన పాఠమునకై ప్రత్యేకముగా తలంపవలెను. పాట నెత్తి వ్రాయుట ఇచట మా ఉద్దేశము కాదు. అందులోని పని యేమో చెప్పిన చాలును. సీతమ్మకు చేయించిన చింతాకు పతకము మొదలుగా ఎవరెవరికి ఏయే నగ చేయించెనో, దేనికెంత సొమ్మైనదో దేవునికే యొప్పజెప్పుచున్నాడు. కోపముతో చెప్పుచున్నాడు. పిదప ఆ కోపమునకు తానే నొచ్చుకొనుచున్నాడు. సంగీత విద్వాంసులు దానిని కరుణరసమునకు మేటి యందురు, నిజమే. కాని అది యొక జమాఖర్చు చిట్టా కూడ. తహసీల్దారు చేయి పాటలోను మారలేదు.

ఇక కథ ముగింపు. రాత్రివేళ ఇరువురు బంట్లు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో తానీషా పడుకగదికి వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రశీదు పుచ్చుకొని, ఆ రశీదును నిద్రించుచున్న రామదాసు తలగడ క్రింద నుంచి పోయిరట. ఐతిహ్యము అద్భుతమైనది, కాని అందులోని రశీదు అంతకన్న విచిత్రమైనది. దేవుడు తలచుకొన్నచో గోడలు పగులగొట్టి విడిపింపవచ్చును గదా! అట్లు చేయలేదు. బాకీ కట్టెను; కాగితము వ్రాయించుకొనెను. ఈ కథను అల్లిన జనుల మనస్సులో ఒక పట్టుదల గలదు. భక్తుడైనను సర్కారు సొమ్ముకు లెక్క చెప్పవలసినదే యని వారు తలచిరి. ప్రేమించిన మనిషిని కూడ వారు ఆ నియమమునుండి తప్పింపలేదు.

పాఠకులకు ఈపాటికి కళ్యాణ నగరము తలపునకు వచ్చియుండును. పన్నెండవ శతాబ్దిలో బిజ్జలుని కొలువున మన బసవేశ్వరుడు భండారి. ఆయన చేతిలోను రాజు సొమ్మే యుండెను. ఆయన వాకిటను జంగములు బారులు తీరి యుండిరి. రాజు సొమ్మంతయు జంగములపాలు చేయుచున్నాడని ఓర్వలేనివారు బిజ్జలుని చెవిలో వేసిరి. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణమును చెప్పుచు ఈ ఘట్టమును విస్తరించెను. బసవన్న కలవరపడలేదు, భండారమును తెరిపించి లెక్కింపుడనెను. లెక్కింపగా ఒక్క మాడయు తక్కువ కాలేదు.

ఐదు వందల యేండ్ల ఎడముతో ఇరువురు ఖజానా ఉద్యోగులు. ఇరువురిపైనను ఒకే నింద. ఇరు కథలలోను తుదకు సొమ్ము సరిపోవును. పోలిక ఇంతటితో ముగిసినదని తలంపరాదు. బసవన్న కథలో భండారము మొదటినుండియు నిండుగనే యున్నది; రామదాసు కథలో అది ఖాళీయై మరల నిండినది. శరణుల నమ్మకము ప్రకారము దాసోహము కాయకపు ఫలమునుండి జరుగవలెను. చెమటోడ్చి సంపాదించినదే గురులింగజంగములకు అర్పింప దగినది. పరుల సొమ్ము, రాజు సొమ్ము దాసోహమునకు పనికిరాదు. ఈ కొలతతో చూచినచో గోపన్న చేసిన పని మనకు పూర్తిగా ఒప్పుదల కాదు. ఆయన భక్తి గొప్పది. ఆయన పద్ధతి సందేహాస్పదము. ఈ మాట కఠినముగా తోచవచ్చును. కాని చెరసాలలో కూర్చుండి ప్రతి నగకు లెక్క చెప్పినవానికి ఈ మాట క్రొత్త కాదు. ఆయన దాచలేదు. సొమ్ము తన యింటికి పోలేదు. మన కాలమున సంఘముల సొమ్మును గూర్చి జరుగు వివాదములలో ఈ రెండు గుణములలో ఒక్కటియైనను కనబడుట అరుదు.

ఇంకొక ప్రశ్న యున్నది. పాటలోను, ఐతిహ్యములోను ఆ ప్రశ్న లేదు. ఆ ఆరు లక్షలు మొదట ఎవరివి? తానీషావి కావు. పాల్వంచ పరగణా రైతులవి. పోడు కొట్టి జొన్న వేసినవారివి, గోదావరి లంకలలో మెట్టపంట తీసినవారివి. దేవుడు తానీషా బాకీ తీర్చెను. రైతు బాకీ మాట యేమి? ఆ రైతులే తమ పన్ను కోవెలయైనదని సంతసించి యుందురని కొందరు చెప్పుదురు, యుండవచ్చును. ఆ సంతసమే గాబోలు నేటి పండుగ.

చైత్రశుద్ధ నవమినాడు అభిజిల్లగ్నమున సీతారాముల కళ్యాణము జరుగును. గుడిలో చోటు చాలక మిథిలా ప్రాంగణమున జరుపుదురు, మరునాడు పట్టాభిషేకము. పన్నెండేండ్లకొకసారి వచ్చు పుష్కర పట్టాభిషేకము 2023లో జరిగినది. ఈ ఉత్సవపు వివరములలో చరిత్ర ఎట్లు దాగియున్నదో చూడుడు. లోకమున పెండ్లికూతురి మెడలో రెండు సూత్రములు పడును, పుట్టినింటిది ఒకటి, అత్తింటిది ఒకటి. భద్రాచలమున మూడు. మూడవది రామదాసు చేయించినది. సీతమ్మను తన కూతురిగా నెంచుకొని చేయించెనందురు. ఆనాటి నగలే నేటికిని ఉత్సవమున అలంకరింతురు. అనగా ప్రతి యేడు ఆ జమాఖర్చు చిట్టాను జనులయెదుట మరల తెరచి చూపుచున్నట్లే.

ఇక తలంబ్రాలు. తలంబ్రపు బియ్యము సర్వత్ర పసుపు రంగున నుండగా భద్రాచలపు తలంబ్రాలు గులాబి వన్నెతో నుండును. గులాలు కలుపుట అచటి ఆచారము. ఫాల్గుణ పౌర్ణమినాడే కలుపుట మొదలుపెట్టుదురు. గులాలు వాడుక తురక దర్బారులనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ముత్యముల తలంబ్రాలు పంపుట తానీషా మొదలుపెట్టిన ఆచారముగా ప్రతీతి. గోలకొండ పోయెను, నిజాములు వచ్చిరి, పోయిరి, ప్రజాప్రభుత్వములు వచ్చినవి, ముత్యములు మాత్రము వచ్చుచునే యున్నవి. ఇప్పుడు పట్టువస్త్రములతోపాటు రాష్ట్ర ప్రభుత్వము వానిని సమర్పించుచున్నది. చెరలో వేసిన ప్రభువు పేరును సైతము తన పండుగనుండి తుడిచివేయక, పెండ్లికి కట్నము తెచ్చు చుట్టముగా మార్చుకొన్నది ఈ ఊరు. పగను ఇట్లు వాడుకొన్న ఊళ్లు మేము ఎక్కువ చూడలేదు.

ప్రభుత్వపు ముత్యములకన్న మాకు ముచ్చట గొలుపునది వేరొకటి. గోదావరి దిగువన కోరుకొండ ప్రాంతపు భక్తులు తలంబ్రాలకై వేరుగా వరి పండించి, ఆ వడ్లను రోట దంచక, మిల్లున ఆడింపక, గోటితో ఒక్కొక్క గింజ ఒలిచి పంపుచున్నారు. గోటి తలంబ్రాలందురు. గింజ విరుగరాదు. అనేక గ్రామములలో స్త్రీలు, వృద్ధులు, పిల్లలు చేరి కూర్చుండి ఒలుచుదురు. ఇది యాచారముగా ప్రబలి ఎన్నో యేండ్లు కాలేదు, ఇటీవలిది. అయినను దీనిని చూచినప్పుడు కాయకమన్న మాటకు వేరుగా అర్థము చెప్పనక్కర లేదు. ఉత్సవమునకు చందా నిచ్చి చేతులు దులుపుకొనుట వేరు. నెలల తరబడి గోళ్లతో పని చేయుట వేరు.

రాలేనివారికి పండుగ ఆకాశవాణి ద్వారా చేరెను. ఉషశ్రీగారి వ్యాఖ్యానమును విన్న తరమువారు నేటికిని ఆ గొంతును తలచుకొందురు. శివపూజ ముగించి, రేడియో చుట్టు కూర్చుండి, వ్యాఖ్యానము వినుచు పానకము త్రాగిన లింగాయతు కుటుంబములు మా యెరుకలోనే గలవు; వారి నిష్ఠకు దానివలన లోపమేమియు రాలేదు. 2020లో కరోనా కారణమున మిథిలా ప్రాంగణము మూతబడెను. గుడిలోపల అర్చకుల నడుమనే కళ్యాణము జరిగెను. అప్పుడు దూరదర్శనమే దిక్కయ్యెను.

రామదాసు తరువాత ఈ పండుగను నిలిపినవారిలో తూము నరసింహదాసు ముఖ్యుడు. గుంటూరువాడు, 1790లో పుట్టి 1833లో గతించెను. తిరువయ్యారు పోయి త్యాగరాజును దర్శించినవాడు. రామదాసు కాలము గడచి శతాబ్దము దాటిన పిదప భద్రాచలమున సేవలు క్రమము తప్పియుండగా, హైదరాబాదు మంత్రి చందూలాలు వలన అధికారము పొంది ఉత్సవములకు మరల పద్ధతి నేర్పరచెను. కట్టించినవానిని లోకము తలచును. కూలబోవుచున్నదానిని నిలబెట్టినవానిని తలచువారు తక్కువ. మన మఠములలోను ఇదే తీరు. స్థాపించిన స్వాములవారి పటము గోడపై నుండును. కరవు యేండ్లలో దాసోహపు పొయ్యి ఆరకుండ చూచిన మఠపతి పేరు ఎవరికిని తెలియదు.

ఇప్పుడు ఎల్లల మాట. ఈ ఊరు ఒకచోటనే యున్నది. ఎల్లలు మాత్రము దానిపై అటునిటు నడచినవి. 1860లో నిజాము గోదావరి ఎడమగట్టు ప్రాంతమును ఆంగ్లేయులకు అప్పగించెను. గుడి ఒక రాజ్యమున, గుడికి ఎదుటిగట్టు వేరొక రాజ్యమున నిలిచెను. మొదట మధ్యపరగణాలలో చేర్చిరి. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మార్చిరి. స్వాతంత్ర్యము తరువాత తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. ఖమ్మము జిల్లా 1953 అక్టోబరు 1న ఏర్పడినది. భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో దానిలో కలిసినవి. 2014లో రాష్ట్రము రెండుగా చీలినప్పుడు పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినవి. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణలో మిగిలెను. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. ఇన్ని మార్పులలో నవమి తప్పలేదు.

కాని నొప్పి లేకపోలేదు. పట్టణమునకు ఆనుకొనియున్న ఎటపాక, పురుషోత్తపట్నము మొదలగు ఐదు పంచాయతీలు ఆవలి రాష్ట్రమునకు పోయినవి. పురుషోత్తపట్నమున దేవస్థానమునకు ఎనిమిది వందల యెకరములకు పైగా భూమి గలదు. దేవుడు ఒక రాష్ట్రమున, దేవుని మాన్యము వేరొక రాష్ట్రమున. ఆక్రమణల వివాదములు ఆ భూమిని వదలలేదు. జటాయువు పడినచోటని చెప్పు ఎటపాక కూడ రామకథలోనిదే. యాత్రికుడు కాలినడకన పోయి రాష్ట్రము దాటి వచ్చును. తమను మరల భద్రాచలముతో కలుపుమని ఆ పంచాయతీల ప్రజలు కోరుచు వచ్చిరి.

నది కూడ తన లెక్క తాను వ్రాయును. 1986 ఆగస్టు 16న భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు చేరెను. 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక, 53 అడుగులకు మూడవది యన్నచో ఆ నీటి ఎత్తు ఊహింపవచ్చును. పిదప కరకట్ట కట్టిరి. 2022 జూలై 16న మరల 71.3 అడుగులు వచ్చినప్పుడు కట్ట వెలుపలి గ్రామములును, పట్టణపు పల్లపు వీధులును మునిగినవి. వేలమంది పునరావాస శిబిరములకు తరలిరి. ఊరివారితో మాటలాడినచో పెండ్లిండ్లకు, పుట్టుకలకు తేదీలు చెప్పక ‘ఎనుబదియారు వరదకు ముందు’, ‘వరద తరువాత’ అని కాలము కొలుచుట వినబడును. ఊరి చరిత్రలో ఇదియు నొక అధ్యాయమే. కాని దీనికి పండుగ లేదు. బాధకు పండుగ చేయుట కష్టము గదా. ఆ యేట పడవలు నడిపి జనులను గట్టెక్కించినవారి పేర్లైనను ఒకచోట వ్రాసి పెట్టినచో బాగుండునని మాకు తోచును.

మొదట చెప్పిన దమ్మక్క మాటకు ఇప్పుడు వత్తము. కోవెల రాతిదైన పిదప, ఉత్సవము పెద్దదైన పిదప అడవివారు చూచువారి వరుసలోనికి జరిగిరి. పండుగకు కావలసిన వెదురును, ఆకులను తెచ్చినది వారే. పీట మాత్రము వారిది కాదు. ఈ కొరతను ఊరు తానే గుర్తించి దిద్దుకొనుటకు మొదలుపెట్టినది. ఆశ్వయుజ పౌర్ణమినాడు శబరి స్మృతియాత్ర జరుగుచున్నది. చుట్టుప్రక్కల గూడెములనుండి గిరిజనులు పూలు, పండ్లు బుట్టలలో పెట్టుకొని ఊరేగింపుగా వచ్చి కొండ చుట్టు తిరిగి స్వామికి సమర్పింతురు. దమ్మక్క పేర కూడ సేవాయాత్ర జరుగుచున్నది. ఆ దినములలో వాద్యములు కోయవారివి, అడుగులు కోయవారివి. రామదాసు జయంతికి జనవరి, ఫిబ్రవరి నెలల ప్రాంతమున సంగీత విద్వాంసులు వచ్చి నవరత్న కీర్తనలను బృందముగా పాడుట ఎంత శోభయో, ఈ బుట్టల ఊరేగింపు అంత శోభ.

ఇందులో మనము కొంత ఆగి ఆలోచింపవలెను. పండుగలో ఒక దినము కేటాయించుట మర్యాదయే. గూడెములోని బిడ్డకు బడియు, పోడుభూమికి పట్టాయు, వరద వచ్చినప్పుడు పడవయు దొరకనిచో ఆ మర్యాద ఊరేగింపుతోనే ముగియును. అనుభవమంటపమున చెప్పులు కుట్టువారు, కట్టెలు కొట్టువారు, పడవ నడుపువారు కూర్చుండి మాటలాడిరని మనము గర్వముగా చెప్పుకొందుము. వారు ఊరేగింపులో నడచిపోలేదు; కూర్చుండిరి, మాటలాడిరి, వారి వచనములను వ్రాసిపెట్టిరి. శబరియాత్రకు వచ్చిన కోయ ముసలమ్మ చెప్పు దమ్మక్క కథ పూజారి చెప్పు కథతో అన్నివేళల కలియదు. ఆ రెండవ కథను కూడ ఎవరైనను వ్రాసి పెట్టవలెను. ముత్యముల తలంబ్రాలకు దస్తావేజులు గలవు. తాటిపండ్ల నైవేద్యమునకు నోటిమాట తప్ప లేదు.

మన విషయము చూతము. ఖమ్మము చేరువ కూసుమంచిలో కాకతీయుల నాటి గణపేశ్వరాలయము గలదు. శివరాత్రికి జనులు వత్తురు; తక్కిన దినములలో ఎందరు పోవుచున్నారు? సోమనాథుని పేర మనము ప్రమాణముగా తలచు పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో నున్నది. కొండపై సోమేశ్వరుడును, లక్ష్మీనరసింహుడును పొరుగిండ్లవారివలె నున్నారు. దాపుననే పోతనగారి బమ్మెర. ఆ రెండు గ్రామములకు తమవారు ఎవరో తెలియును. చిన్న చిన్న మఠముల సంగతి అట్లు కాదు. ఒక గురువుగారు లింగైక్యమైన పిదప మఠపు పెట్టెలోని తాళపత్రములు, మాన్యపు కాగితములు, దాసోహపు చిట్టాలు చెదలకు వదలివేయుట మేము చూచితిమి. గోపన్న ఖర్చు పెట్టిన నగల పట్టిక పాటయై నిలిచెను. మన తాతలు గింజ గింజ కూర్చి పెట్టిన అన్నదానపు పట్టిక చెదలపాలగుచున్నది.

ఈ పాఠమును ఇంటింట చదువుకొనువారు పిల్లలను కూడ కూర్చుండబెట్టుకొనవలెను. ఒక పెద్ద కాగితముపై గోదావరిని గీయింపుడు. నేలకొండపల్లి, ఖమ్మము, కొత్తగూడెము, పాల్వంచ, భద్రాచలము గుర్తు పెట్టింపుడు. 1860 నాటి ఎల్లను ఒక రంగుతో, 2014 నాటి ఎల్లను వేరొక రంగుతో గీయింపుడు. పురుషోత్తపట్నము ఏ ప్రక్కకు పోయెనో వారే చూచి చెప్పుదురు. పిమ్మట మీ గ్రామమును అదే కాగితముపై చూపి, మీ మఠమును మొదట ఎవరు కట్టిరి, కరవులో ఎవరు నిలిపిరి, పొయ్యికి కట్టెలు ఎవరు మోసిరి అని అడుగుడు. ఇంటిలో అవ్వ యున్నచో ఆమెను మొదట మాటలాడనిండు. ఆమె చెప్పిన పేర్లను పిల్లలచేతనే వ్రాయింపుడు. రాత్రి పూజవేళకు ముందే వ్రాయింపుడు. తెల్లవారినచో వారు బడికి పోవుదురు.